అడగండి – చెబుతాం: ఊళ్లో వీరుల స్తూపం కట్టాలంటే

విశాఖ చుట్టుపక్కల సేవా క్లబ్బుల నుంచి వస్తున్న ఉత్తరాల్లో ఈమధ్య ఒకే ఆలోచన కనిపిస్తోంది. తమ ప్రాంతం నుంచి సైన్యంలో చేరి ప్రాణాలిచ్చినవాళ్ల పేర్లతో ఒక స్తూపం కట్టాలని. బీచ్ రోడ్డులో 1971 యుద్ధానికి గుర్తుగా ‘విక్టరీ ఎట్ సీ’ ఉండనే ఉంది. వీళ్లు అడుగుతున్నది వేరు, తమ ఊరివాళ్ల పేర్లున్న రాయి. నిర్మాణ పనులు చూసే ఇంజనీరు, సైనిక రికార్డుల పని తెలిసిన మాజీ సైనికుడు కలిసి ఇస్తున్న జవాబులివి.

స్తూపాన్ని మా కూడలి మధ్యలో కట్టాలని క్లబ్బు తీర్మానం చేసింది. కార్పొరేటర్ గారు సరేనన్నారు. ఇంకేం అనుమతులు కావాలి? – ఒక క్లబ్బు కార్యదర్శి, గాజువాక

కూడలి ఆలోచన మానుకోండి. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు గానీ కట్టడాలకు గానీ అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. ఎవరో ఒకరు కోర్టుకెక్కితే కార్పొరేటర్ గారి ‘సరే’ నిలబడదు. రేపు రోడ్డు వెడల్పు చేసినా, ఫ్లైఓవర్ వచ్చినా ముందు పోయేది మీ స్తూపమే. పైగా కూడలి మధ్యకి చక్రాల కుర్చీలో ఉన్న అమరుడి తల్లిని ఎలా తీసుకెళ్తారు?

పాఠశాల ప్రాంగణం, కమ్యూనిటీ హాలు ఆవరణ, మాజీ సైనికుల సంఘం స్థలం, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) పార్కులో ఒక మూల... ఈ వరసలో చూడండి. లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలమైతే జీవీఎంసీ రాతపూర్వక అనుమతి లేకుండా గునపం వేయొద్దు. సముద్రం ఒడ్డు కావాలంటే తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నిబంధనలు అడ్డొస్తాయి. గరిష్ఠ పోటు రేఖ నుంచి 500 మీటర్ల దాకా వాటి పరిధే.

అనుమతి కాగితంలో మూడు సంగతులు స్పష్టంగా రాయించుకోండి. స్థలం ఎవరిది, కట్టాక కట్టడం ఎవరి ఆస్తి, కరెంటు బిల్లు, నీళ్లు, శుభ్రత ఎవరి బాధ్యత. మూడోది రాయకుండా వదిలేసిన స్తూపాలే నాలుగేళ్లకి పోస్టర్లు అంటించే గోడలవుతున్నాయి. క్లబ్బులో ఏటా అధ్యక్షుడు మారతాడు, పాత అధ్యక్షుడి ప్రాజెక్టు మీద కొత్తాయనకి పెద్దగా మనసుండదు. అందుకే వసూలైన మొత్తంలో పదో వంతైనా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, వడ్డీని నిర్వహణకే వాడాలని తీర్మానంలోనే రాసుకోండి.

పేర్ల జాబితా ఎక్కడ దొరుకుతుంది? ఎవరి పేరు చేర్చాలి, ఎవరిది వద్దు అన్న దగ్గర మాలో మాకే గొడవలు. – పెందుర్తి నుంచి ఒక పాఠకుడు

అసలు పని ఇదే. స్తూపం కట్టడానికి మూడు నెలలు చాలు, జాబితాకి కనీసం ఆరు నెలలు పెట్టుకోండి. చాలా క్లబ్బులు శంకుస్థాపన చేసేసి ఆ తర్వాత పేర్ల కోసం తిరుగుతాయి. ప్రారంభోత్సవం తేదీ దగ్గరపడి తొందరలో చెక్కించిన రాయి మీద ఒక పేరు తప్పినా, ఒక పేరు తగ్గినా ఆ కుటుంబానికి జవాబు చెప్పలేరు.

ముందు నియమం రాయండి, పేర్లు తర్వాత. ‘ఈ మండలంలో పుట్టినవారు, లేదా సర్వీసులో చేరేనాటికి ఇక్కడ సొంత చిరునామా ఉన్నవారు’ అని ఒక గీత గీసుకుంటే సగం గొడవలు తీరతాయి. అత్తవారి ఊరు, పిల్లలు ఇప్పుడుంటున్న ఊరు అని మొదలుపెడితే ఒకే పేరు నాలుగు స్తూపాల మీదికి ఎక్కుతుంది. అందులో తప్పేమీ లేదు, కానీ అది కూడా మీరు తెలిసి తీసుకున్న నిర్ణయమై ఉండాలి.

రెండో గీత: ఏ మరణాలు? యుద్ధంలోనో సైనిక చర్యలోనో పోయినవాళ్లు ఒక వర్గం. 1962, 1965, 1971 యుద్ధాలతో పాటు 1984 నుంచి సియాచిన్, 1987–90 శ్రీలంక, 1999 కార్గిల్, కశ్మీర్‌లో ఉగ్రవాదులతో పోరు ఇందులోకి వస్తాయి. విధి నిర్వహణలో ప్రమాదం వల్లో, అనారోగ్యం వల్లో పోయినవాళ్లు రెండో వర్గం. కుటుంబం దగ్గరుండే పింఛను ఉత్తర్వు చూస్తే చాలావరకు తేలిపోతుంది. లిబరలైజ్డ్ ఫ్యామిలీ పెన్షన్ అని ఉంటే యుద్ధ, సైనిక చర్యల మరణం. స్పెషల్ ఫ్యామిలీ పెన్షన్ అయితే సర్వీసు కారణంగా జరిగిన మరణం. మామూలు ఫ్యామిలీ పెన్షన్ అయితే ఆ రెండూ కావు. ఇద్దరు సభ్యులు ఇంటికి వెళ్లి మర్యాదగా అడిగి, ఉత్తర్వు ఫొటో తీసుకోండి. రెండో వర్గం వాళ్లని బయటికి నెట్టకండి. ‘సర్వీసులో మరణించినవారు’ అని వేరే శీర్షిక కింద అదే సైజు అక్షరాలతో పెట్టండి. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ జవాన్లు, పోలీసుల సంగతి కూడా ముందే తేల్చుకోండి. ఉత్తరాంధ్రలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

ఎక్కడ సరిచూసుకోవాలి? మొదట జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. తర్వాత ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకం. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన ఆ స్మారకం గోడల మీద స్వాతంత్ర్యం తర్వాతి అమరుల పేర్లున్నాయి. ప్రారంభంనాటికే 25,942. వాళ్ల వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. అక్కడా తేలకపోతే ఆ రెజిమెంటు రికార్డు ఆఫీసుకి సర్వీసు నంబరుతో ఉత్తరం రాయాలి. నంబరు లేకుండా పేరు ఒక్కటే రాస్తే జవాబు రావడం కష్టం. ఒకే పేరున్నవాళ్లు ఎంతమందో!

రెండు ప్రపంచ యుద్ధాల వాళ్లని చేర్చాలనుకుంటే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితా ఆధారం. మొదటి యుద్ధానికి 1921 ఆగస్టు 31 దాకా, రెండోదానికి 1947 డిసెంబరు 31 దాకా జరిగిన మరణాలు అందులోకి వస్తాయి. ఇక్కడొక తిరకాసు. పాత రికార్డులో ‘వైజాగపటం జిల్లా’ అని ఉన్నంత మాత్రాన ఆ మనిషి మీవాడు కాదు. శ్రీకాకుళం 1950లో, విజయనగరం 1979లో, అనకాపల్లి 2022లో వేరు జిల్లాలయ్యాయి. ఊరి పేరు పట్టుకుని గ్రామంలో అడగాల్సిందే.

వచ్చిన జాబితాని పంచాయతీ లేదా వార్డు సచివాలయం నోటీసు బోర్డు మీద నెల రోజులు పెట్టి అభ్యంతరాలు అడగండి. చేరని పేర్లు బయటికొచ్చేది అప్పుడే.

పేర్లని హోదా ప్రకారం పెట్టాలా, అక్షరక్రమంలోనా? – అదే పాఠకుడు

హోదా ప్రకారం వద్దు. అక్షరక్రమం అందంగానే ఉంటుంది గానీ రేపు ఇంకో పేరు చేర్చాల్సొస్తే వరస చెడుతుంది. మరణించిన సంవత్సరం వరస పెడితే కొత్త పేరు చివరికి చేరుతుంది. రాయి కింది భాగంలో నాలుగో వంతు ఖాళీ వదలండి.

పాలిష్ చేసిన గెలాక్సీ గ్రానైట్ మీద బంగారు రంగు అక్షరాలు బాగుంటాయని షాపువాళ్లు చెబుతున్నారు. నిజమేనా? తెలుగు అక్షరాలు చెక్కేటప్పుడు ఒత్తులు పోతున్నాయి, ఏం చేయాలి? – మధురవాడ పాఠకురాలు

చీమకుర్తి గెలాక్సీ చాలా గట్టి రాయి, ఇంటి మెట్లకి, కిచెన్ గట్టుకి దివ్యంగా ఉంటుంది. పేర్ల పలకకి మాత్రం వద్దు. దానిలోని బంగారు చుక్కలు ఎండలో మెరిసి, సన్నటి అక్షరాల మధ్య అడ్డం వస్తాయి. సున్నా ఏదో చుక్క ఏదో తెలియదు. చుక్కలు లేని నల్ల గ్రానైట్ తీసుకోండి. కొన్ని చౌక రాళ్లకి నల్లరంగు, నూనె పట్టించి అమ్ముతారు. అసిటోన్‌లో ముంచిన తెల్లగుడ్డతో రుద్దితే గుడ్డకి నలుపు అంటుకుంటుంది. అలాంటి రాయి ఎండకి రెండేళ్లలో బూడిదరంగుకి తిరుగుతుంది.

మందం 20 మి.మీ. గోడకి తాపడానికి చాలు. విడిగా నిలబెట్టే పలక అయితే ఇంకా మందం కావాలి. నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు పలక 20 మి.మీ. మందంలో సుమారు 60 కిలోలు, 30 మి.మీ.లో 90 కిలోలు. ఎత్తే మనుషుల్ని దానికి తగ్గట్టు పిలవండి.

ఆ పలక మీద ఎన్ని పేర్లు పడతాయో ముందే లెక్కేసుకోవాలి. మీటరు, మీటరున్నర దూరం నుంచి పెద్దవాళ్లు కళ్లద్దాలు లేకుండా చదవాలంటే మూలాక్షరం ఎత్తు 25 మి.మీ. ఉండాలి. ఇంగ్లిష్ అక్షరాల లెక్కన వరసల మధ్య ఎడం పెట్టారా, పై వరస ఒత్తులు కింది వరస గుడి, కొమ్ముల్ని తగులుతాయి. వరసకి 55 మి.మీ. ఇవ్వండి. పైన, కింద 100 మి.మీ. అంచు పోగా మిగిలిన 1,020 మి.మీ.లో 18 వరసలు వస్తాయి. హోదా, పేరు, సంవత్సరం ఒకే వరసలో పెడితే మూడడుగుల వెడల్పులో రెండు నిలువు వరసలు ఇమడవు. అంటే పలకకి 18 పేర్లు, ఖాళీ వదిలితే 13 లేదా 14. డజన్ల కొద్దీ పేర్లుంటే ఎన్ని పలకలు కొనాలో ఇప్పుడే తెలుస్తుంది.

ఇక ఒత్తుల సంగతి. డీటీపీ షాపుల్లో పని ఎక్కువగా ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో జరుగుతుంది. ఆ ఫైలు చెక్కే మెషీనున్న కంప్యూటర్లో తెరిస్తే, అక్కడ ఆ ఫాంటు లేకపోతే, పిచ్చి గుర్తులొస్తాయి. యూనికోడ్‌లో కొట్టిన పేరుని పాత కోరల్‌డ్రాలోకి అతికిస్తే ఒత్తు విడిపోయి పక్కకి జరుగుతుంది. డీటీపీ షాపులోనే అక్షరాల్ని కర్వ్స్‌గా మార్పించి ఇవ్వడం ఒక్కటే మందు. అప్పుడది అక్షరం కాదు, బొమ్మ. ఏ కంప్యూటరూ దాన్ని మార్చలేదు.

ఇసుక పేల్చి చెక్కే పద్ధతిలో రబ్బరు స్టెన్సిల్ అంటిస్తారు. చిన్న ముక్కలు గాలి ఒత్తిడికి ఊడిపోతాయి. ముఖ్యంగా ‘థ’లో చుక్క. ఆ చుక్క గల్లంతైతే జగన్నాథం కాస్తా జగన్నాధం అవుతాడు (మనలో చాలామంది అలాగే రాస్తారనుకోండి, అయినా రాయి మీద వద్దు). ‘ఠ’ది కూడా ఇదే ఇబ్బంది. లావు గీతలున్న, లోపలి ఖాళీలు పెద్దగా ఉండే ఫాంటు ఎంచుకోండి. పెళ్లిపత్రికల వంపుల ఫాంటు వద్దే వద్దు. లోతు కనీసం 2 మి.మీ. ఉండాలి. లేజరుతో పైపైన కాల్చిన గీత ఉప్పుగాలికి, రుద్దుడికి చెరిగిపోతుంది. లోతుగా చెక్కితే పూసిన రంగు పోయినా అక్షరం మిగులుతుంది, మళ్లీ రంగు పూసుకోవచ్చు.

చెక్కించే ముందు అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి ప్రతి కుటుంబానికీ చూపించి, పేరు పక్కన సంతకం పెట్టించుకోండి. సైనిక రికార్డు ఇంగ్లిష్‌లో ఉంటుంది. అందులో ఇంటిపేరు ఒక్కోసారి చివరికి పోతుంది, ఒక్కోసారి పొడి అక్షరమే మిగులుతుంది. ‘ఎస్’ అంటే శీరపునా, సారిపల్లా, సూరా? అప్పలనాయుడు ఒకే మాటా, విడివిడిగానా? పైడిరాజుకి దీర్ఘం ఎక్కడ? ఇది ఇంట్లోవాళ్లే చెప్పాలి.

పన్నెండడుగుల స్తూపం గాలివానకి ఆగుతుందా? పునాది ఎంత వేయాలి? – ఎం.వి.పి. కాలనీ

2014 అక్టోబరు 12 హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లు అడగాల్సిన ప్రశ్నే. భారతీయ ప్రమాణాల ప్రకారం విశాఖకి లెక్కలో తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరుకి దాదాపు 150 కిలోల ఒత్తిడి పెడుతుంది. 12 అడుగుల ఎత్తు, 4 అడుగుల వెడల్పు పలకలాంటి స్తూపం మీద 680 కిలోల తోపు పడుతుంది. ఆకారాన్ని బట్టి, తుపాను తీరానికి కలిపే అదనపు గుణకాన్ని బట్టి ఇది ఇంకా పెరుగుతుంది. ఆ తోపు సగం ఎత్తులో పనిచేస్తుంది కాబట్టి స్తూపాన్ని తిరగబడేలా చేస్తుంది. అడుగు మందం కాంక్రీటు గోడకి ఆరడుగుల చదరం, 16 అంగుళాల మందం పునాది పలకని నాలుగడుగుల లోతులో వేస్తే మామూలుగా సరిపోతుంది. కానీ ఇది అంచనా మాత్రమే. పూడ్చిన మట్టి, చెరువు నేల అయితే లెక్క మారుతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా మేస్త్రీ మాట మీద వెళ్లకండి.

గాలికన్నా పెద్ద శత్రువు ఉప్పు. సముద్రపు తుంపర తగిలేచోట ఎం35 గ్రేడు కాంక్రీటు, చువ్వల మీద 50 మి.మీ. కాంక్రీటు పొర (కవరింగ్) ఉండాలి, తీరం దగ్గరే అయినా తుంపర తగలకపోతే ఎం30, 45 మి.మీ. నీళ్లు సిమెంటు బరువులో 0.45 వంతు దాటకూడదు. బస్తాకి 22 లీటర్ల చిల్లర, అందులో ఇసుకలోని తడి కూడా కలిసే ఉంటుంది. ‘జారుగా ఉంటే పని తేలిక’ అని ఇంకో బకెట్ పోస్తారు చూడండి, స్తూపం ఆయుష్షు పోయేది అక్కడే. జారుదనం కావాలంటే ప్లాస్టిసైజర్ కలపమనండి. బీచ్ దగ్గరి బోరు నీళ్లు వాడొద్దు. చువ్వలున్న కాంక్రీటు కలిపే నీళ్లలో, చువ్వల్ని తుప్పు పట్టించే క్లోరైడ్ లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదు, ల్యాబ్‌లో చూపించండి. ఇనుప కొలిమి చిట్టెం కలిసిన స్లాగ్ సిమెంటు ఉప్పుని బాగా ఆపుతుంది, అయితే నీళ్లు కొట్టడం కనీసం పది రోజులు తప్పదు. కవరింగ్ కోసం చువ్వల కింద గ్రానైట్ పెచ్చులు దోపడం మన దగ్గర అలవాటు. అవి జారతాయి, కాంక్రీటు బిళ్లలే పెట్టించండి.

మా దగ్గర రెండేళ్ల కిందట కట్టిన స్తూపం మీద గోధుమరంగు చారలు, తెల్లటి పొడి. యాసిడ్‌తో కడగొచ్చా? – భీమిలి

వద్దు. యాసిడ్ రాయి పాలిష్‌ని, సందుల్లోని సిమెంటుని తినేస్తుంది, చువ్వలకి క్లోరైడ్ కూడా అందిస్తుంది.

గోధుమ చారలు మేకులవి, బోల్టులవి. స్టెయిన్‌లెస్ స్టీల్ అని చెప్పి 304 రకం వాడి ఉంటారు, సముద్రగాలికి అది మచ్చలు పడుతుంది. 316 రకం పిన్నులు, క్లాంపులే వేయాలి. బిల్లులో రకం రాయించుకోండి. అయస్కాంతంతో ఈ తేడా తెలియదు. చార మొదలైన చోటు పైనుంచి వెతికితే తప్పు చేసిన బోల్టు దొరుకుతుంది. దాన్ని మార్చకుండా మరక తుడిస్తే మళ్లీ వస్తుంది.

తెల్లపొడి వెనక నుంచి వస్తోంది. పలక వెనక సిమెంటు మాలులో ఖాళీలు మిగిలితే వాననీరు పైసందు గుండా దిగి, అక్కడ నిలిచి, ఉప్పుని కరిగించి ముందుకి తెస్తుంది. పొడి బ్రష్‌తో దులిపి, పైన కప్పురాయి సందుల్ని వాతావరణాన్ని తట్టుకునే సీలెంట్‌తో మూయండి. కప్పురాయి ముందుకి అంగుళమైనా వచ్చి, అడుగున నీరు జారే గాడి ఉండాలి. మీ స్తూపానికి అది లేదనే అనుమానం. కింద నీరు బయటికి పోవడానికి రెండు సన్నని రంధ్రాలు వదలండి. మామూలు శుభ్రతకి మంచినీళ్లు, మెత్తటి బ్రష్, ఘాటులేని సబ్బు చాలు. పోర్టు వైపు బొగ్గు ధూళి పడేచోట పదిహేను రోజులకోసారి కడగాలి. పొడిగుడ్డతో తుడిస్తే ధూళి గీతలు పెడుతుంది.

నిరంతరం వెలిగే జ్యోతి పెట్టాలనుంది. – అక్కయ్యపాలెం

గంటకి పావుకిలో గ్యాస్ తాగే బర్నరైనా రోజుకి ఆరు కిలోలు, అంటే 19 కిలోల సిలిండర్ మూడు రోజులకి ఖాళీ. గాలికి ఆరిపోతే గ్యాస్ ఆపే పరికరం లేకుండా వదిలారా, ఎల్‌పీజీ గాలికన్నా బరువు కాబట్టి గుంటలో పేరుకుంటుంది. కార్యక్రమం రోజున వెలిగించే ఇత్తడి దీపస్తంభం పెట్టుకోండి.

స్తూపం మీద మూడు సింహాల గుర్తు, క్లబ్బు గుర్తు, దాతల పేర్లు చెక్కించొచ్చా? – గాజువాక

మూడు సింహాల గుర్తు వద్దు. 2005 చట్టం ప్రకారం అనుమతి లేకుండా జాతీయ చిహ్నం వాడటం నేరం. సైనిక దళాల, రెజిమెంట్ల చిహ్నాలకీ ఆయా దళాల రాతపూర్వక అనుమతి కావాలి. తలకిందులుగా నిలిపిన తుపాకీ, దాని మీద శిరస్త్రాణం చాలు, ఎవర్నీ అడగక్కర్లేదు. దాతల పేర్లు, క్లబ్బు గుర్తు ఆవరణ గేటు దగ్గర చిన్న పలక మీద పెట్టండి. అమరుల పలక మీద మంత్రి గారి పేరు వాళ్ల పేర్లకన్నా పెద్ద అక్షరాల్లో ఉన్న స్తూపాలు మనకి కొత్త కాదు, ఇంకొకటి అక్కర్లేదు. దాతలకి ఆదాయపు పన్ను మినహాయింపు రసీదు (80జీగా పేరుపడినది) ఇస్తామని చెబితే, రూ.2,000 మించిన నగదుకి ఆ మినహాయింపు రాదని కూడా చెప్పండి. చెక్కో, బ్యాంకు బదిలీనో అడగండి.

జాతీయ జెండా రాత్రి కూడా ఉంచొచ్చా? ప్రారంభోత్సవం డిసెంబరు 4న పెట్టుకోవచ్చా? – సింహాచలం

జెండా నియమావళికి 2022 జులైలో చేసిన సవరణ తర్వాత పౌరులు పగలూ రాత్రీ ఎగరేయొచ్చు. అయితే సముద్రగాలికి జెండా అంచు త్వరగా చిరుగుతుంది, చిరిగినది ఎగరేయకూడదు. కాబట్టి ఎప్పుడూ రెండు జెండాలు అదనంగా ఉంచుకోండి, లేదా ముఖ్యమైన రోజుల్లోనే ఎగరేయండి.

డిసెంబరు 4 నౌకాదళ దినోత్సవం. ఆ వారమంతా తూర్పు నౌకాదళ కమాండ్ తన కార్యక్రమాల్లో మునిగి ఉంటుంది. అధికారులు, బ్యూగిల్ వాయించేవాళ్లు కావాలంటే ఇంకో తేదీ చూసుకుని, రెండు నెలల ముందే ఉత్తరం ఇవ్వండి. మొదటి వరస కుర్చీలు కుటుంబాలవి. వాటి మీద పేర్ల చీటీలు ముందురోజు రాత్రే అంటించి, పొద్దున వీఐపీల మనుషులు తీసేయకుండా ఒక ఎన్‌సీసీ కేడెట్‌ని అక్కడ నిలబెట్టండి.